ఇంటి లెక్కలు – 4వ పాఠం: చౌక పెట్రోలు కోసం ఎంత దూరం పోవచ్చు?

ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించేదాకా నడిచిన దూరాన్ని బట్టి బండి అసలు మైలేజీ ఎంతో తేల్చడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఆ అంకె చేతిలో ఉంటేనే ఈ పాఠం ముందుకు నడుస్తుంది. లీటరుకు కాస్త తక్కువకు పోసే బంకు కోసం ఎంత దూరం పోతే గిట్టుబాటవుతుందో ఇప్పుడు లెక్క వేద్దాం.

ముందు తేడా ఎక్కడ పుడుతుందో చూడాలి. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణను 2010 జూన్‌లో ఎత్తివేశారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధరను రోజూ సవరించే పద్ధతి వచ్చింది. అయినా మార్కెట్లో పెద్ద వాటా ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం అనే మూడు ప్రభుత్వ రంగ సంస్థలదే కావడం వల్ల, బంకు యజమాని తన ఇష్టం వచ్చిన ధర పెట్టే వీలు లేకపోవడం వల్ల, అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర బయలుదేరి ఊరంతా తిరిగినా సాధారణంగా కనిపించేది పైసల తేడాయే. 2023లో ప్రైవేటు సంస్థ నయారా బంకులు కొన్ని రాష్ట్రాల్లో కొన్నాళ్లు లీటరుకు రూపాయి తగ్గించి అమ్మినట్టు అప్పుడప్పుడు పోటీ తలెత్తుతుంది, కానీ నిలవదు.

అసలు తేడా రాష్ట్ర సరిహద్దులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం వ్యాట్, దానికి తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఒక రూపాయి రోడ్డు సెస్ ఉన్నాయి. కర్ణాటక 2024 జూన్‌లో తన పన్నును 25.92 నుంచి 29.84 శాతానికి పెంచినా, అక్కడి ధర మనకంటే తక్కువే. రాయదుర్గం, గుంతకల్లు వైపు వాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇక సూత్రం. లీటరుపై మిగిలేది మన ధరలో ఎన్ని శాతమో కట్టండి. పోయించుకునే పెట్రోలుతో బండి ఎంత దూరం నడుస్తుందో చూసి, ఆ దూరంలో అన్ని శాతం తీయండి. రానూపోనూ కలిపి అంతకు మించి అదనంగా తిరిగితే నష్టమే.

మన ధర 110 రూపాయలు, సరిహద్దు అవతల 7 రూపాయలు తక్కువ అనుకుందాం. అంటే దాదాపు 6.4 శాతం. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే స్కూటరులో 4 లీటర్లు పోయిస్తే 180 కిలోమీటర్లు నడుస్తుంది. అందులో 6.4 శాతం పదకొండున్నర కిలోమీటర్లు, అంటే ఒకవైపు ఆరు కూడా లేదు. 15 కిలోమీటర్ల మైలేజీ ఉన్న కారులో 30 లీటర్లు పోయిస్తే ఒకవైపు పద్నాలుగు దాకా పోవచ్చు. అయితే ఇది లాభనష్టాలు సమానమయ్యే హద్దు మాత్రమే. అక్కడిదాకా పోయి వస్తే చేతికి మిగిలేది సున్న. ఊళ్లోని 40 పైసల తేడాకు ఇదే లెక్క కడితే కారుకు రానూపోనూ కలిపి ఒకటిన్నర కిలోమీటరుకు కాస్త ఎక్కువ వస్తుంది, స్కూటరుకైతే ముప్పావు కిలోమీటరు కూడా రాదు. అంత తక్కువకు సిగ్నలు దగ్గర ఆగడం కూడా దండగే.

ఇంకొకటి గమనించాలి. తూనికలు కొలతల నిబంధనల ప్రకారం 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడా అనుమతిస్తారు. 110 రూపాయల ధర దగ్గర అది లీటరుకు 55 పైసలు, అంటే మనం వెంటపడిన 40 పైసలకంటే ఎక్కువ. కాబట్టి ఊళ్లో బంకులు మారడంకంటే, మీటరు సున్న చూసుకోవడం, అనుమానం వస్తే బంకులో తప్పనిసరిగా ఉంచవలసిన ముద్ర వేసిన 5 లీటర్ల కొలతపాత్రతో కొలిచి చూపమనడం మేలు.

ఈ సూత్రమంతా అదనంగా తిరిగే దూరానికే. బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే లారీ కొడికొండ చెక్‌పోస్టు చేరకముందే కర్ణాటకలో డీజిలు నింపుకుంటే, అది ఎలాగూ ఆ దారినే పోవాలి గనుక తేడా మొత్తం లాభమే. బళ్లారికి వేరే పని మీద వెళ్లినప్పుడు ట్యాంకు నింపుకుని వచ్చేవాళ్లదీ ఇదే లెక్క.

అభ్యాసం: కర్నూలులో ఒకరి కారు లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తుంది. తుంగభద్ర దాటితే లీటరుకు 2 రూపాయలు తక్కువ అనుకోండి. మన ధర 110, పోయించేది 25 లీటర్లు. ఒకవైపు ఎంత దూరం వరకు గిట్టుతుంది? జవాబు 5వ పాఠం మొదట్లో ఇచ్చి, ఆపై క్రెడిట్ కార్డుల ఇంధన సర్‌చార్జి మినహాయింపులోకి వెళదాం.