చేత్తో తిప్పితే ఇంజన్ ఎక్కడ ఆగింది? ఎందుకు ఆగింది?

టైమింగ్ బెల్ట్ (క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే పళ్ల బెల్ట్) మార్చినా, హెడ్ (సిలిండర్ల పైభాగం) దించి మళ్లీ ఎక్కించినా, సెల్ఫ్ కొట్టే ముందు ఇంజన్‌ను చేత్తో తిప్పి చూడాలి. నాలుగు స్ట్రోకులు పూర్తవ్వాలంటే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 2 చుట్లు తిరగాలి కాబట్టి ఒక్క చుట్టుతో సరిపెట్టకండి. లోపల అడ్డు తగిలితే స్టార్టర్ మోటారు దాన్ని వంచేసి మరీ తిరుగుతుంది. చేతికైతే ముందే తెలుస్తుంది.

మొదలుపెట్టే ముందు కారు తాళంచెవి తీసేయండి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి, గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయండి, చక్రాలకు అడ్డం పెట్టండి. హైబ్రిడ్ కారుకు ఇంతమాత్రం చాలదు. దాని హై వోల్టేజ్ వ్యవస్థను సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినట్టు ఆపాకే చెయ్యి పెట్టాలి.

సాకెట్, పొడవాటి బార్‌తో క్రాంక్ పుల్లీ బోల్టు పట్టి తిప్పాలి. పుల్లీ వైపు నుంచి చూస్తే చాలా ఇంజన్లు గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. పాత హోండాల్లో చాలావాటిది మాత్రం దానికి ఎదురు దిశ. క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే ఇరుసు) బోల్టు పట్టి ఇంజన్ మొత్తాన్ని తిప్పొద్దు, ఆ భారమంతా బెల్ట్ మీద పడుతుంది.

బరువుగా తిరుగుతోంది, వదిలితే వెనక్కి తంతోంది

ఇది కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకుపోవడం), లోపం కాదు. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేస్తే తేలిగ్గా తిరుగుతుంది. తీసే ముందు ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయండి, తీశాక రంధ్రాలకు గుడ్డ కప్పండి. లోపల పడ్డ చిన్న వాషర్ కోసం హెడ్ దించాల్సి రావచ్చు. డీజిల్ ఇంజన్లో గ్లో ప్లగ్గులు బిగుసుకుపోయి విరిగే ప్రమాదం ఉంది. వాటిని కదపకుండా బార్‌ను నెమ్మదిగా నొక్కి పట్టుకుంటే గాలి రింగుల పక్కనుంచి జారిపోయి ఇంజన్ కదులుతుంది.

తిరుగుతూ తిరుగుతూ ఒక్కచోట టక్కున ఆగింది

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. కంప్రెషన్ స్ప్రింగులా మెత్తగా ఎదురు తోస్తుంది. ఇది అలా కాదు, గట్టిగా నిలబడిపోతుంది. బార్‌కు పైపు తొడిగి బలం పెంచొద్దు. కొద్దిగా వెనక్కి తెచ్చి, ప్లగ్గులు తీసి మళ్లీ మెల్లగా తిప్పండి.

ప్లగ్గులు తీశాక అడ్డు పోయి, రంధ్రంలోంచి ద్రవం చిమ్మితే సిలిండర్‌లో నీళ్లో పెట్రోలో చేరాయన్నమాట. మొహం దూరంగా పెట్టండి, దగ్గర్లో నిప్పురవ్వ ఉండకూడదు. బురద నీళ్లయితే ఎయిర్ ఫిల్టర్ దారిన వచ్చాయి, కూలెంట్ అయితే హెడ్ గ్యాస్కెట్ చూడాలి, పెట్రోలు వాసన కొడితే ఇంజెక్టర్ కారుతోందేమో చూడాలి. అప్పటికే ఎవరైనా సెల్ఫ్ కొట్టి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు. ఒక్కో పిస్టన్ పైకొచ్చినప్పుడు ఎత్తు కొలిచి పోల్చండి. ఒకటి మిగతావాటికంటే కిందే ఆగితే రాడ్ వంగిందని అనుమానించాలి.

ప్లగ్గులు లేకపోయినా అదే చోట ఆగుతుంటే ఇనుముకు ఇనుము తగులుతోంది. ఎక్కువసార్లు అది టైమింగ్ తప్పి పిస్టన్‌కు తగిలే వాల్వే. బెల్ట్ విప్పి క్రాంక్, క్యామ్ పుల్లీల మీది టైమింగ్ మార్కులు మొదటినుంచి కలపండి. బెల్ట్ లేనప్పుడు వాల్వు స్ప్రింగుల బలానికి క్యామ్ ఒక్కసారిగా తనంతట తానే తిరిగిపోవచ్చు, వేళ్లు జాగ్రత్త. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజన్లో క్రాంక్‌ను టాప్ (మొదటి పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోటు) నుంచి పావు చుట్టు పక్కకు జరిపితే పిస్టన్లన్నీ మధ్యలో ఉంటాయి, అప్పుడు క్యామ్ తిప్పుకుంటే వాల్వులకు దెబ్బ తగలదు.

అసలు కదలట్లేదు

గేరు మళ్లీ చూడండి. తర్వాత ఆల్టర్నేటర్, ఏసీ బెల్ట్ తీసి తిప్పండి. తిరిగితే లోపం ఇంజన్‌ది కాదు, ఆ బెల్ట్ తిప్పేవాటిలో ఏదో పట్టేసింది. అప్పటికీ తిరక్కపోతే స్టార్టర్ పళ్లు ఫ్లైవీల్‌లో ఇరుక్కున్నాయేమో విప్పి చూడాలి. చాలాకాలం నిలిచిపోయిన కారైతే సిలిండర్లలో తుప్పు పట్టి ఉంటుంది. ప్లగ్గు రంధ్రాల్లో తుప్పు వదిలించే నూనె పోసి, ఒకట్రెండు రోజులు నాననిచ్చి, ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపండి. ఆయిల్ లేక పట్టేసిన ఇంజన్ మీద మాత్రం బలం పెట్టి లాభం లేదు, సంప్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ పళ్లెం) విప్పి బేరింగులు చూడాల్సిందే.

బోల్టు తిరుగుతోంది, పుల్లీ తిరగట్లేదు

ఎదురు దిశలో తిప్పుతున్నారు, లేదా బోల్టు ముందే వదులై ఉంది. చాలా ఇంజన్లలో ఈ బోల్టు ఒక్కసారి వాడేదే. కొత్తది వేసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాకే ముందుకెళ్లండి.

2 చుట్లు తిప్పినా మార్కులు కలవట్లేదు

క్రాంక్ 2 చుట్లకు క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. క్రాంక్ మార్కు సరిపోయి క్యామ్ మార్కు పన్ను మేర పక్కన ఉంటే బెల్ట్ తప్పు కూర్చుంది, తీసి మళ్లీ వేయాలి. మార్కు కాస్త దాటిపోయిందని వెనక్కి తిప్పొద్దు. టెన్షనర్ (బెల్ట్‌ను బిగువుగా పట్టే భాగం) వైపు బెల్ట్ వదులై పన్ను జారుతుంది. మరో 2 చుట్లు ముందుకే తిప్పి మార్కు దగ్గర ఆపండి.

అన్నీ సరిపోయాక, సాకెట్, బార్ బోల్టు మీదనుంచి తీశారని కళ్లతో చూసుకున్నాకే బ్యాటరీ వైరు కలపండి.