కొత్త కోళ్ళు తెచ్చే ముందు గూడు సిద్ధం చేసుకోండి

పెరట్లో నాలుగైదు పెట్టలు, ఒక పుంజు ఉన్నవాళ్లకి ఇంకో పది కలుపుకుందామని ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. మంచిదే. కానీ సంతలో కొని, కాళ్లు కట్టి తెచ్చి, అదే సాయంత్రం పాతవాటితో కలిపి గూట్లోకి తోసేయడం మాత్రం దయచేసి చేయకండి. పల్లెల్లో పెరటి కోళ్ళు గుంపుకు గుంపు పోవడానికి పెద్ద కారణం కొక్కెర తెగులు, అదే రాణిఖెత్, పైకి బాగానే కనిపించే కొత్త కోడితో కూడా అది ఇంట్లోకి వచ్చేస్తుంది, వచ్చాక దానికి మందు లేదు, ముందే వేయించిన టీకా ఒక్కటే కాపాడుతుంది.

అందుకని కొత్తవాటిని పాత గూటికి వీలైనంత దూరంగా కనీసం మూడు వారాలు విడిగా ఉంచండి, నెల అయితే ఇంకా మంచిది. మేత, నీళ్ల గిన్నెలు వేరు. రోజూ ముందు పాత కోళ్ళ పని చూసుకుని తర్వాతే కొత్తవాటి దగ్గరకి వెళ్లండి, అక్కడికి వేరే చెప్పులు పెట్టుకోండి, వచ్చాక చేతులు కడుక్కోండి. ఆకుపచ్చగానో తెల్లగానో పలచటి రెట్ట, ముక్కు కారడం, గురక, రెక్కలు వాల్చి మూలన కూర్చోవడం, మెడ వంకర తిరగడం... వీటిలో ఏది కనిపించినా పశువుల డాక్టరుకి చూపించాలి. తోక కింద ఈకలు విడదీసి పేలు, గోమార్లు ఉన్నాయేమో కూడా చూడండి.

పెద్ద కోళ్ళ టీకా పని ఈ మూడు వారాల్లోనే అయిపోవాలి. కోడిపిల్లలకైతే వయసుని బట్టి, మొదటి వారంలో లసోటా అనే కొక్కెర టీకా కంట్లో చుక్క, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య అదే తెగులుకి ఆర్‌టుబి అనే టీకా ఇంజక్షన్. పెద్ద కోళ్ళకి టీకా వేశారో లేదో అమ్మినవాళ్లకి తెలియకపోతే వేయలేదనే అనుకుని డాక్టరుతో మాట్లాడండి. సీసా వంద డోసుల లెక్కన వస్తుంది, టీకా పొడిని దాని ద్రవంలో ఒకసారి కలిపాక రెండు గంటల్లోపే వాడేయాలి, ఐస్‌లో ఉంచాలి, అందుకే వీధిలో కోళ్ళున్న నాలుగిళ్ల వాళ్లు కలిసి ఒకే రోజు చల్లటి వేళ వేయించుకుంటే ఖర్చూ తగ్గుతుంది, వీధంతా భద్రంగా ఉంటుంది.

ఇక గూడు. రాత్రి పడుకోవడానికి ఒక్కో కోడికి రెండు చదరపు అడుగులు లెక్కేయండి, అంటే పదింటికి నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు. నేల నుంచి రెండడుగుల ఎత్తులో కట్టిస్తే తేమ, పందికొక్కుల బెడద రెండూ తగ్గుతాయి. పైకప్పు కింద గాలి ఆడే సందు తప్పనిసరి, మన ఎండలకి ఒట్టి రేకు వేస్తే మే నెలలో కోళ్ళు రొప్పి రొప్పి చస్తాయి, రేకు మీద తాటాకో వరిగడ్డో పరవండి. మెష్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, పెద్ద కళ్ల పలచటి వలని కుక్క చింపేస్తుంది, ముంగిస సందు చూసుకుని దూరుతుంది, అరంగుళం కళ్ల వెల్డ్ మెష్ కొనండి. తలుపుకి గట్టి గడియ పెట్టించండి. లోపల కూర్చునే కర్రలన్నీ ఒకే ఎత్తులో కట్టండి, లేకపోతే పై కర్ర కోసం రోజూ రాత్రి కొట్లాటే. నాలుగైదు పెట్టలకి ఒక గుడ్ల గంప సరిపోతుంది. కింద రెండు మూడు అంగుళాల వరి ఊక వేసి, తడిసినప్పుడల్లా మార్చండి.

కలిపేటప్పుడు తొందరపడకండి. ముందు ఒక వారం మధ్యలో మెష్ అడ్డు పెట్టి ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. తర్వాత పగలు ఖాళీ చోట వదిలి, మేత రెండు మూడు చోట్ల పెట్టండి, ఒకే గిన్నె అయితే పాత పెట్టలు కొత్తవాటిని దగ్గరకి రానివ్వవు. రాత్రి చీకటి పడ్డాక కర్ర మీద కూర్చోబెట్టి, తెల్లారగానే మీరే వెళ్లి తలుపు తీయండి. కొద్దిగా పొడుచుకోవడం మామూలే, ఎవరు పెద్దో తేల్చుకుంటాయి. రక్తం వస్తే మాత్రం ఆ కోడిని వెంటనే తీసేయాలి, ఎర్రగా కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. ఒంటరి కోడిని ఎప్పుడూ కలపొద్దు, కనీసం రెండు మూడు కలిపి వదలండి. మూడు నెలలు నిండని పిల్లల్ని పెద్దవాటిలో వదలొద్దు, తల్లి వెంట ఉంటే వేరే సంగతి. పది పెట్టలకి ఒక పుంజు చాలు, పందేలకి పెంచే అసీల్ జాతి పుంజులు రెండుంటే ఒకే దొడ్లో కుదరదు.

పిల్లలతో మొదలుపెట్టేవాళ్లకి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ అనే కోళ్ళ రకాలు బాగా పనికొస్తాయి, గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ. ఇవి పొదగవు, కాబట్టి పొదిగే నాటు పెట్టని అమ్ముకోకండి. మొదటి నాలుగు వారాలు బల్బు వెచ్చదనం కావాలి. పిల్లలు బల్బు కింద ముద్దగా చేరితే చలి, దూరంగా జరిగి నోరు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు. గుడ్లు పెట్టే కోళ్ళ మేత పిల్లలకి వేయొద్దు, అందులోని కాల్షియం వాటి మూత్రపిండాలని దెబ్బతీస్తుంది.

కలిపిన కొత్తలో గుడ్లు తగ్గితే టెన్షన్ పడి మేత మార్చేయకండి, రెండు మూడు వారాలు చూడండి. అప్పటికీ తగ్గుదల అలాగే ఉంటే, ఏ కోడి మేతకి రాకుండా పక్కకి ఉంటోందో ఒక పూట కూర్చుని గమనించి, దానికి విడిగా పెట్టండి.