పాత మట్టికట్ట: ఊట, పగులు, గుంత - ఏది కనిపిస్తే ఏం చేయాలి

సొంత సాగునీటి చెరువుల పాత కట్టలకు చాలావరకు నక్షాలు ఉండవు. లోపల ఏ మట్టి పోశారో తెలియదు. బయట కనిపించే గుర్తులే ఆధారం. చెరువు నిండినప్పుడు వారానికోసారి, భారీ వానల్లో రోజూ కట్ట వెలుపలి పాదం వెంట నడిచి చూడాలి.

పాదం దగ్గర ఊట

ముందు చూడాల్సింది నీటి రంగు. తేటగా ఉండి, చెరువు మట్టంతో పాటు పెరిగి తగ్గే ఊట మట్టికట్టకు మామూలే. దాన్ని చిన్న కాలువలోకి మళ్లించండి. 10 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతోందో ఆనాటి మట్టంతో కలిపి రాసుకోండి. మట్టం అదే ఉండి బకెట్ తొందరగా నిండుతుంటే లోపల దారి పెద్దదవుతున్నట్టే.

నీరు బురదగా వస్తే కట్ట మట్టే కొట్టుకొస్తోంది. ఆ బుంగ వెలుపలి నుంచి చెరువు వైపు తొలుచుకుంటూ పోతుంది; నీటిని చేరిందంటే గండి పడటానికి కొన్ని గంటలు చాలు. దిగువన ఉన్నవాళ్లను ఖాళీ చేయించండి, తూము పూర్తిగా తెరవండి. బుంగ నోటిని బంకమట్టితోనో కాంక్రీటుతోనో మూయకూడదు, నీరు మరోచోట పొడుచుకొస్తుంది. 30 సెం.మీ. ముతక ఇసుక, దానిపై అంతే కంకర, పైన రాళ్లు వేయండి: నీరు పోవాలి, మట్టి ఆగాలి. ఇసుక నిలవనంత ఉరవడి ఉంటే ముందు కంకర వేసి జోరు తగ్గించాలి. నేలలోంచి ఇసుక ఉబికివస్తుంటే చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, మట్టి రావడం ఆగేదాకా మాత్రమే లోపల నీరు నిలబెట్టండి.

తూము మీద గుంత

కట్ట కింద తూము నీరు పోయే ఇనుప గొట్టం తుప్పుపట్టి చిల్లుపడితే పై మట్టి అందులోకి జారుతుంది. గుంత పూడ్చి ఊరుకుంటే మళ్లీ పడుతుంది. చెరువు ఖాళీ చేసి, తవ్వి, గొట్టం మార్చాలి. వెలుపలి భాగంలో గొట్టం చుట్టూ ఇసుక ఫిల్టర్ తప్పనిసరి.

పగుళ్లు

వలలా అల్లుకున్న సన్న పగుళ్లు ఎండకు వచ్చేవి. కట్టకు అడ్డంగా పడ్డది ప్రమాదం, నీటికి నేరుగా దారి. పగులు అడుగుకంటే 30 సెం.మీ. లోతుకు తవ్వి, తడి బంకమట్టిని 15 సెం.మీ. పొరలుగా దిమ్మిస వేయాలి. కట్ట వెంట విల్లులా వంగి, ఒక పక్క దిగితే వాలు జారుతోందని అర్థం. పైన మట్టి పోస్తే బరువు పెరిగి ఇంకా జారుతుంది. ఇంజనీరును పిలిపించి, మట్టం రోజుకు 30 సెం.మీ. మించకుండా దించండి, గబగబా దించితే లోపలి వాలూ జారుతుంది. గండి ముంచుకొస్తుంటే ఈ లెక్క చూడక్కర్లేదు.

చెట్లు, బొరియలు

మొక్కగా ఉన్నప్పుడే పీకేయండి. పెద్ద చెట్టును నరికి మొద్దు వదిలేస్తే, కుళ్లిన వేళ్ల దారులే నీటి దారులు. మట్టం దించాక వేళ్లతో సహా తీసి పూడ్చాలి. బొరియలో 9 పాళ్ల మట్టి, 1 పాలు సిమెంటు జారుగా కలిపి పోయండి.

అలుగు

అలుగు అంటే మిగులు నీరు పొర్లిపోయే దారి. ఇంకాస్త నీరు నిలుస్తుందని దానిపై బస్తాలు వేయడం కంటే చెడ్డ పొదుపు లేదు. కట్ట నడుమ కుంగితే వరద అక్కడే పొర్లుతుంది, పొర్లిన మట్టికట్ట నిలవదు. లెవెల్ పట్టించి పల్లం ఎత్తు చేయించండి, అలుగులో పొదలు వానలకు ముందే కొట్టించండి.