తుపాకీ లేని బాతుల షికారు: దసరా నుంచే ఎలా సిద్ధం కావాలి

మా తాతకు లైసెన్స్ తుపాకీ ఉండేది. కార్తీకం వచ్చిందంటే చీకటితోనే చెరువుకు పోయి, పొద్దెక్కేసరికి రెండు మూడు బాతులు పట్టుకొచ్చేవాడట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో చిన్న వేటకిచ్చే లైసెన్సులు కూడా పోయాయి. ఇప్పుడు అడవి బాతును కొట్టినా, వల వేసి పట్టినా నేరమే. తుపాకీ పోయినా తాత చెరువుకు పోవడం మాత్రం మానలేదు. నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. ఆయన నేర్పిన షికారు విద్యంతా ఇవాళ నా బైనాక్యులర్‌కు పనికొస్తోంది. నర్సంపేటలో నాకు మెడికల్ షాపుంది. తొమ్మిదింటికి షట్టర్ ఎత్తాలి కాబట్టి నా షికారంతా ఆలోపే.

వలస బాతులు మన దగ్గరికి అక్టోబర్ చివర, నవంబర్‌లో దిగుతాయి. అందుకే బతుకమ్మ ఆడే రోజుల్లోనే నా తయారీ మొదలవుతుంది. ముందు బైనాక్యులర్. 8x42 అని రాసి ఉన్నది కొనండి, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. ఇరవై రెట్లు కనబడుతుందని చెప్పేవి కొనకండి, చేతిలో వణుకుతాయి, బాతు నిలవదు. కొన్నాక రోజూ ఐదు నిమిషాలు డాబా మీద సాధన చేయాలి. కరెంటు స్తంభం మీది కాకిని చూస్తూ, దాని మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ళ దగ్గరికి తేవాలి. చాలామంది తల దించి బైనాక్యులర్ చూసుకుని, మళ్ళీ తలెత్తి పక్షి కోసం వెతుక్కుంటారు. అప్పటికి అది ఎగిరిపోతుంది. పది రోజుల్లో చేయి అలవాటు పడుతుంది.

రెండోది లెక్క. ఇది వంటింట్లో నేర్చుకోవచ్చు. స్టీలు పళ్ళెంలో కాసిన్ని బియ్యపు గింజలు చల్లి, మూడు సెకన్లు చూసి ఎన్నో చెప్పండి. తర్వాత ఒక్కొక్కటే లెక్కపెట్టండి. మొదట్లో అందరూ తక్కువే చెబుతారు. మా బిడ్డ నూట నలభై గింజలను ఎనభై అంది. కిటుకేమిటంటే, ముందు పది గింజల గుంపు ఎంత ఉంటుందో కంటికి పట్టించుకుని, ఆ కొలతను పళ్ళెమంతా జరుపుకుంటూ పోవాలి. చెరువులో బాతులనూ అంతే, పదుల్లో, గుంపు పెద్దదైతే యాభైల్లో లెక్కపెట్టాలి. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి నడుస్తున్న పని అది. అందులో మీ ఊరి చెరువు లెక్క చేరాలంటే ఈ బియ్యం సాధన ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఇక చెరువు. పాకాల, రామప్ప, లక్నవరం గొప్ప చెరువులే, కానీ నేర్చుకోవడానికి మీ ఊరి చెరువే మేలు. పాకాల అభయారణ్యంలోకి వెళ్ళేటప్పుడు అటవీశాఖ వాళ్ళను అడిగే వెళ్ళండి. ఏ చెరువైనా రెండు ముక్కలుగా చూడాలి. కట్ట వైపు లోతు, శిఖం వైపు, అంటే నీళ్ళు తగ్గితే బయటపడే చెరువు అంచు నేల వైపు, లోతులేని నీళ్ళు. బాతుల్లోనూ రెండు రకాలు. కొన్ని తల నీళ్ళలో ముంచి, తోక పైకెత్తి మేస్తాయి. సూది తోకవి, తెడ్డు ముక్కువి, ఏడాదంతా ఇక్కడే ఉండే చుక్కమూతి బాతు ఈ రకం. ఇవి మోకాలి లోతు దాటని శిఖంలో ఉంటాయి, లేస్తే నేరుగా పైకి లేస్తాయి. ఎర్రతల బాతులాంటివి పూర్తిగా మునిగి మేస్తాయి, లోతు నీళ్ళలో ఉంటాయి. ఎగరాలంటే నీళ్ళ మీద కొంత దూరం పరుగెత్తాలి. లేచే తీరు చూస్తే చాలు, రంగు కనబడకపోయినా ఏ రకమో సగం తెలుస్తుంది. పూడిక తీసినప్పుడు శిఖం అంచు దాకా తవ్వి నిలువుగా కోసిన చెరువుల్లో మొదటి రకం తగ్గడం నేను కళ్ళారా చూశాను. పూడిక తీయాలి, కానీ ఒక పక్కనైనా ఏటవాలు ఉంచితే బాతుకు మేత మిగులుతుంది.

మా ఊరి చెరువుకు కట్ట తూర్పున ఉంది. పొద్దున కట్ట మీద ఉంటే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు, రంగులు బాగా తెలుస్తాయి. కానీ కట్ట మీద నిలబడితే ఆకాశంలో మన ఆకారం నల్లగా తేలుతుంది. పద్నాలుగేళ్ళప్పుడు నేను తెల్ల చొక్కా వేసుకుని అలాగే నిలబడ్డాను. రెండు మూడు వందల బాతులు ఒక్కసారే లేచాయి. వల వేస్తున్న మత్స్యకారుడొకాయన కేకేశాడు. తాత కోప్పడలేదు, రెక్క పట్టి కిందికి కూర్చోబెట్టాడు. అప్పటినుంచి కట్ట లోపలి వాలులో, రాళ్ళ మీద, తూము పక్క తుమ్మచెట్టు నీడలో కూర్చుంటాను. ఖాకీ రంగో మట్టి రంగో చొక్కా, తలకు పాత తువ్వాలు.

దగ్గరికి పోవడంలో తాత మాట ఒకటే: “బాతును సూడకు బిడ్డా, దాని మెడను సూడు.” మేస్తున్న బాతు మెడ ముడుచుకుని ఉంటుంది. గుంపులో ఒక్కటి మెడ నిటారుగా ఎత్తిందంటే అక్కడే ఆగాలి. కాలు గాల్లో ఉంటే మెల్లగా దించి రాయిలా కూర్చోవాలి. రెండో మెడ లేస్తే ఒక అడుగు వెనక్కి. మెడలన్నీ మళ్ళీ ముడుచుకునేదాకా, ఐదు నిమిషాలైనా పది నిమిషాలైనా, కదలకూడదు. మధ్య ఆసియా నుంచి, ఇంకా పైనుంచి వచ్చిన పక్షి అది. ఫోటో కోసం లేపితే, తిని పోగేసుకున్న కొవ్వును ఊరికే ఖర్చు చేయించినట్టే. డ్రోన్ ఎగరేసేవాళ్ళను నేను చెరువు దగ్గరికి తీసుకుపోను.

గాలినీ చూసుకోండి. బాతులు గాలికి ఎదురుగా కూర్చుంటాయి, ఎదురుగానే లేస్తాయి. ఎగిరేటప్పుడు మీ వైపు రావాలంటే గాలి మీ వెనకనుంచి వీచాలి. కాకపోతే మీ మాట, అడుగు చప్పుడు కూడా ఆ గాలి వెంటే పోతాయి.

చీకట్లో పొలాల్లోంచి అడ్డంగా పోకండి. అడవి పందుల కోసం కరెంటు తీగలు పెట్టేవాళ్ళు ఉన్నారు, మనుషుల ప్రాణాలు కూడా పోతున్నాయి. బండ్ల బాట మీదే నడవండి. టార్చి, మోకాలి దాకా గమ్‌బూట్లు తప్పనిసరి, గడ్డిలో రక్తపింజర ఉంటుంది. శిఖం బురదలోకి కర్ర గుచ్చి చూడకుండా దిగకండి. చేపలు పట్టేవాళ్ళతో ముందే మాట కలపండి. ఏ మూల బాతులు దిగాయో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బాతుల కోసం కట్టిన వల గానీ, మందు కలిపిన గింజలు గానీ కనబడితే ఫోటో తీసి అటవీశాఖకు చెప్పండి. మీరు ముట్టుకోకండి.

గుర్తుపట్టడం మొదటి నెలలో కష్టం. అక్టోబర్‌లో దిగిన మగ బాతులు ఇంకా ఈక మార్చుకోక ఆడవాటిలాగే గోధుమరంగులో ఉంటాయి. అప్పుడు రంగు వదిలేసి ముక్కు, మెడ, తోక చూడండి. నామం కోడిని చూసి బాతు అని రాసుకునేవాళ్ళు చాలామంది. ఒళ్ళంతా నలుపు, నుదుటి మీద తెల్ల నామం ఉంటే అది బాతు కాదు. డిసెంబర్, జనవరిలో మగవాటికి పూర్తి రంగు వస్తుంది, కొత్తవాళ్ళు అప్పుడు రావడమే మంచిది. తలమీద రెండు నల్ల పట్టీలున్న పెద్ద బాతు (బార్ హెడెడ్ గూస్) కనబడితే బైనాక్యులర్ దించకండి. లదాఖ్, టిబెట్, మంగోలియా వైపు గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి వచ్చేది అదే.

నోట్‌బుక్‌లో తేదీ, టైము, గాలి, నీళ్ళు ఎంత ఉన్నాయి, ఏవి ఎన్ని, ఇంతే రాస్తాను. శివరాత్రి దాటాక రోజురోజుకీ లెక్క తగ్గుతుంది. అప్పుడు కంటి మీద తెల్లటి చంద్రవంకలాంటి గీతతో ఉండే గార్గెనీ మగబాతును చూడటానికి తప్పకుండా పోవాలి. దాని రంగు అప్పుడే నిండుగా ఉంటుంది. మార్చిలో చివరి గుంపు కనబడిన తేదీ కింద గీత గీసి, ఆ నోట్‌బుక్‌ను షాపు గల్లా డ్రాయర్‌లో పెడతాను. మళ్ళీ బతుకమ్మకు తీస్తాను.