టీపీపీ రియాక్షన్ పెట్టే ముందు ఇవి చూసుకోండి

వైజాగ్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి టెట్రాఫినైల్ పోర్ఫిరిన్ (టీపీపీ, ఉంగరం ఆకారపు అణువున్న వంకాయ రంగు పదార్థం) చేయబోతున్నవాళ్ళ కోసం రాస్తున్నా. పిరోల్‌ను, బెంజాల్డిహైడ్‌ను ప్రొపియోనిక్ ఆమ్లంలో కలిపి మరిగించే పద్ధతి ఇది.

1. అన్నిటికన్నా ముందు పిరోల్ సీసా చూడండి. రంగు లేకుండా ఉండాలి. టీ డికాక్షన్‌లా నల్లబడిందంటే గాలి తగిలి పాడైనట్టే, దాన్ని అలాగే పోస్తే పోర్ఫిరిన్ కంటే తారే ఎక్కువ వస్తుంది, అందుకే ఆ రోజే డిస్టిల్ చేసుకుని (130 డిగ్రీల దగ్గర దిగుతుంది) వెంటనే వాడేయండి. బెంజాల్డిహైడ్ సీసా మూత చుట్టూ తెల్లటి పొడి కడితే అది బెంజోయిక్ ఆమ్లం, దాన్నీ డిస్టిల్ చేయాల్సిందే.

2. ప్రొపియోనిక్ ఆమ్లం 141 డిగ్రీల దగ్గర మరుగుతుంది, చర్మాన్ని కాల్చేస్తుంది, ఆ ఘాటు వాసన బట్టలకు పట్టేస్తుంది. ఫ్యూమ్ హుడ్, గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా దయచేసి మొదలుపెట్టొద్దు.

3. కండెన్సర్‌లో (ఆవిరిని చల్లార్చి మళ్ళీ ఫ్లాస్క్‌లోకి దించే గొట్టం) నీళ్ళు ఆగకుండా పోతున్నాయా? మధ్యాహ్నం కుళాయి ధార సన్నబడితే టెన్షనే.

4. గాలి తగలకుండా నైట్రోజన్ పెట్టొద్దు. చివర్లో పోర్ఫిరినోజెన్‌ను (పోర్ఫిరిన్‌కు ముందు ఏర్పడే రూపం) పోర్ఫిరిన్‌గా మార్చేది గాలిలోని ఆక్సిజనే.

5. మిథనాల్‌తో కడిగే ముందు హాట్‌ప్లేట్ ఆపేసి దూరం పెట్టండి, ఫ్లాస్క్ పూర్తిగా చల్లారనివ్వండి. ఫిల్టర్ కాగితం మీద నల్లటి జిగురు పోయి, వంకాయ రంగులో మెరిసే స్ఫటికాలు కనబడేదాకా కడగాలి. 20 శాతం దిగుబడి వస్తే బాగా వచ్చినట్టే, కంగారు పడకండి.

6. కాంతి శోషణ స్పెక్ట్రంలో 418 నానోమీటర్ల దగ్గర పెద్ద పీక్ వస్తుంది. 650 దగ్గరిది మరీ ఎత్తుగా ఉంటే క్లోరిన్ మలినం ఉందని అనుమానించండి, ఇక్కడ క్లోరిన్ అంటే వాయువు కాదు, పోర్ఫిరిన్‌కు రెండు హైడ్రోజన్లు చేరిన రూపం.