చిప్‌లో క్లాక్ డ్యూటీ సైకిల్ తప్పితే ఎలా సరిచేయాలి?

అమీర్‌పేటలో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోర్సు చేసొచ్చిన కుర్రాళ్లను క్లాక్ గురించి, అంటే చిప్ అంతటికీ లయ ఇచ్చే సిగ్నల్ గురించి అడగండి. స్క్యూ (క్లాక్ ఒక్కో చోటికి ఒక్కో సమయానికి చేరడం), జిట్టర్ (ఎడ్జ్ సమయం అటూ ఇటూ ఊగడం) గడగడా చెప్పేస్తారు. డ్యూటీ సైకిల్ (ఒక సైకిల్‌లో క్లాక్ హైలో ఉండే వాటా) సంగతి ఎత్తితే మాత్రం "ఫిఫ్టీ పర్సెంటే కదా సార్" అంటారు. క్లాక్‌ను పుట్టించే పీఎల్ఎల్ దగ్గర ఫిఫ్టీయే. చిప్ ఆ మూలనున్న ఫ్లాప్‌కు (క్లాక్ ఎడ్జ్ మీద డేటాను పట్టుకునే సర్క్యూట్‌కు) చేరేసరికి ఎంత మిగిలిందో చూడాలి.

1 గిగాహెర్ట్జ్ క్లాక్ అంటే సైకిల్‌కు 1000 పికోసెకన్లు: 500 హై (1), 500 లో (0). దారిలో సిగ్నల్‌కు బలమిచ్చే ఒక్కో బఫర్, రైజింగ్ ఎడ్జ్ (లో నుంచి హైకి మారే క్షణం) కన్నా ఫాలింగ్ ఎడ్జ్‌ను (హై నుంచి లోకి మారే క్షణాన్ని) 5 పికోసెకన్లు ఎక్కువ ఆలస్యం చేసిందనుకోండి. 12 బఫర్లు దాటాక హై 560, లో 440. సైకిల్ పొడవు మారలేదు కాబట్టి ఫ్రీక్వెన్సీ చూసేవాళ్లకు తేడా కనిపించదు.

కారణం పాతదే. సిగ్నల్‌ను పైకి లాగేది పీమాస్ ట్రాన్సిస్టర్, కిందికి లాగేది ఎన్‌మాస్ ట్రాన్సిస్టర్. పీమాస్‌లో కరెంటు మోసే హోల్స్ ఎలక్ట్రాన్ల కన్నా నెమ్మది, అందుకే దాన్ని వెడల్పుగా గీస్తాం. కానీ ఆ బ్యాలెన్స్ ఫ్యాబ్‌లో (చిప్ తయారీలో) కొంత, వోల్టేజీ, వేడిని బట్టి కొంత మారుతూనే ఉంటుంది.

మొదట, ఇది మీకు నిజంగా సమస్యేనా చూసుకోండి. ఫ్లాపులన్నీ రైజింగ్ ఎడ్జ్ మీదే పనిచేస్తుంటే మినిమమ్ పల్స్ విడ్త్ రిపోర్టు (హై, లో మరీ సన్నబడలేదని చూసేది) పాసైతే చాలు, టెన్షన్ అక్కర్లేదు. హాఫ్ సైకిల్ పాత్‌లు (ఒక ఎడ్జ్ మీద బయల్దేరి ఎదురు ఎడ్జ్‌కు చేరాల్సినవి), లాచ్‌లు (క్లాక్ ఒక స్థాయిలో ఉన్నంతసేపూ తెరిచి ఉండేవి), రెండు ఎడ్జ్‌ల మీదా డేటా పంపే డీడీఆర్ ఉంటే మాత్రం పోయిన ఆ 60 పికోసెకన్లు నేరుగా మీ టైమింగ్ మార్జిన్‌లోంచే పోయినట్టు.

తర్వాత సిమ్యులేషన్. చాలామంది స్లో-స్లో, ఫాస్ట్-ఫాస్ట్ కార్నర్లు (తయారీలో ట్రాన్సిస్టర్లు ఎంతవరకు తప్పవచ్చో ఆ హద్దులు) చూసి ముగించేస్తారు. అక్కడ రెండు ట్రాన్సిస్టర్లూ ఒకే వైపు కదులుతాయి, తేడా పెద్దగా బయటపడదు. ఒకటి స్లో, ఒకటి ఫాస్ట్ ఉండే ఎస్ఎఫ్, ఎఫ్ఎస్ కార్నర్లు తప్పకుండా రన్ చేయండి.

చిప్ చేతికొచ్చాక కొలవడంలో నేనే బోల్తాపడ్డాను. మాదాపూర్‌లో ఓ ల్యాబ్. 1 గిగాహెర్ట్జ్ ప్యాడ్ (చిప్‌ను బయటికి కలిపే చోటు) దాటి బయటికి రాదు కదా అని క్లాక్‌ను ఒక ఫ్లాప్‌తో రెండుకు భాగించి బయటికి తీశాం. స్కోప్‌లో కచ్చితంగా 50 శాతం. రెండు రోజులు తప్పును ఇంకెక్కడో వెతికాం. చివరికి ఒక సీనియర్ వచ్చి "తమ్ముడూ, ఆ ఫ్లాప్ రైజింగ్ ఎడ్జ్ మాత్రమే చూస్తుంది. ఫాలింగ్ ఎడ్జ్ ఎక్కడ పడ్డా నీకెట్ల తెలుస్తది?" అన్నాడు. కొలవాల్సిన తప్పును మేమే తుడిచేసి కొలుస్తున్నాం.

సరైన పద్ధతి ఇది: భాగించకుండా పీఎల్ఎల్‌నే 100 మెగాహెర్ట్జ్‌కు దించండి. చివరి ఫ్లాప్ దగ్గరి క్లాక్‌ను బయటికి తెచ్చి, రెసిస్టర్-కెపాసిటర్ ఫిల్టర్ పెట్టి మల్టీమీటర్‌తో సగటు వోల్టేజీ చూడండి. 1.8 వోల్టుల ప్యాడ్ మీద సరిగ్గా సగమైతే 0.900 రావాలి. ప్యాడ్ కూడా తన వంతు తప్పు కలుపుతుంది కాబట్టి, క్లాక్‌ను తిరగేసి పంపడానికి డిజైన్‌లోనే ఒక ఎక్స్ఆర్ గేట్ పెట్టుకోండి. మామూలుగా 0.931, తిరగేస్తే 0.909 వచ్చిందనుకుందాం. తేడా 0.022, అందులో సగం 0.011. 1.8లో అది 0.6 శాతం, 10,000 పికోసెకన్ల సైకిల్‌లో సుమారు 60. ప్యాడ్ తప్పు రెండు రీడింగుల్లోనూ ఒకటే కాబట్టి తీసివేతలో పోయింది.

ఇక మరమ్మతు. క్లాక్‌ను చిప్ అంతటా పంచే ట్రీలో బఫర్లు తీసేసి ఇన్వర్టర్లు (సిగ్నల్‌ను తిరగేసే గేట్లు) పెట్టండి. ఒక స్టేజీలో రైజ్ అయ్యే ఎడ్జ్ తర్వాతి స్టేజీలో ఫాల్ అవుతుంది, సైజూ లోడూ సమానంగా ఉంటే జంటల్లో తప్పు చాలావరకు కొట్టేసుకుంటుంది. బఫర్‌లోనూ రెండు ఇన్వర్టర్లే ఉంటాయి కానీ ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, అందుకే అక్కడ లెక్క కుదరదు.

గేటింగ్‌తో (పని లేనప్పుడు క్లాక్‌ను ఆపడంతో) నెలల తరబడి లో స్థాయిలో ఆగిపోయే క్లాక్‌కు ఇంకో చిక్కుంది. ఇన్‌పుట్ లో స్థాయిలో ఉన్న ఇన్వర్టర్లలో, అంటే ఒకటి విడిచి ఒకటిగా, పీమాస్‌లు అరిగి నెమ్మదిస్తాయి. అవన్నీ ఫాలింగ్ ఎడ్జ్‌నే ఆలస్యం చేస్తాయి కాబట్టి జంటలు ఇక్కడ ఆదుకోవు, హై సాగుతూ పోతుంది. అప్పుడప్పుడు క్లాక్‌ను ఆడిస్తూ ఉండటం మేలు.

అప్పటికీ సరిపోకపోతే డ్యూటీ సైకిల్ కరెక్టర్. క్లాక్ సగటునూ, తిరగేసిన క్లాక్ సగటునూ కంపారేటర్ పోలుస్తుంది. దాన్నిబట్టి కౌంటర్ ఒక్కో మెట్టు ఎక్కుతూ దిగుతూ డ్రైవర్ బలం మారుస్తుంది. కొలిచే తీగను పీఎల్ఎల్ పక్కన కాకుండా ట్రీ చివర కట్టండి. సర్దుబాటు ఫాలింగ్ ఎడ్జ్ మీదే ఉంచండి, రైజింగ్ ఎడ్జ్ కదిలితే స్క్యూ మళ్లీ మొదటికొస్తుంది. కంపారేటర్‌నూ గుడ్డిగా నమ్మకండి: 0.9 వోల్టుల సప్లై మీద 10 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ (కంపారేటర్ సొంత తప్పు) ఉంటే డ్యూటీ సైకిల్‌లో అర శాతం పైచిలుకు తప్పు. దాని ఇన్‌పుట్లు అటుదిటు మార్చి రెండుసార్లు లాక్ చేయించి (కౌంటర్ ఒక చోట కుదురుకునేలా చేసి), వచ్చిన రెండు కౌంటర్ కోడ్‌లకూ మధ్యది వాడండి.