లావెండర్‌ను పెంచి, ఆరబెట్టి, సువాసన మూట కట్టడం ఎలా?

లావెండర్ పువ్వును ఒక్కసారి దగ్గరగా పట్టుకుని చూడండి. ఊదా రేకుల కింద, పువ్వును పట్టి ఉంచే చిన్న గిన్నెలాంటి భాగం ఉంటుంది. దాని నూగు మధ్య కంటికి ఆనీ ఆనని నూనె బుడిపెలుంటాయి. వేళ్లతో నలిపితే అవి చిట్లి వాసన గుప్పుమంటుంది. నూనె ఎక్కువగా ఉండేది అక్కడే. కోయడం, ఆరబెట్టడం, దాచడం అంతా ఆ బుడిపెలు చెదరకుండా చూసుకోవడమే.

మొదట మొక్కను ఎంచుకోవాలి. వాసన మృదువుగా ఉండాలన్నా, వంటలో వాడాలన్నా ఇంగ్లిష్ లావెండర్ మేలు. పేరులో ఇంగ్లిష్ ఉన్నా దీని పుట్టిల్లు మధ్యధరా ప్రాంతపు రాతి కొండలు. లావాండిన్ అనే సంకరజాతి నూనె ఎక్కువిస్తుంది కానీ కర్పూరపు ఘాటు ఉంటుంది. మూటలకు అదీ బాగుంటుంది.

కుండీలో సగం మట్టి, సగం ముతక ఇసుక లేదా సన్న గులకరాళ్లు కలపండి. అడుగున రంధ్రం తప్పనిసరి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. నీళ్ల దగ్గరే చాలామంది పొరపడతారు. నేనూ మొదటి మొక్కను ప్రేమ కొద్దీ రోజూ తడిపి పోగొట్టుకున్నాను. ఆకులు వాడినట్టు కనిపిస్తే ఇంకా నీళ్లు పోశాను. తీరా పీకి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లిపోయి ఉన్నాయి. చేతి వేలు రెండు కణుపుల వరకు మట్టిలో గుచ్చి చూడండి. అక్కడా పొడిగా ఉంటేనే పోయండి.

విత్తనాలకు ఓపిక కావాలి, కొమ్మ నాటడం తేలిక. పూత లేని నాలుగంగుళాల లేత కొమ్మ తీసుకుని, కింది ఆకులు తుంచి, ఇసుక మట్టిలో గుచ్చితే నెల, నెలన్నరలో వేళ్లు పోసుకుంటుంది.

కంకిలో కొన్ని పూలు విచ్చుకుని, మిగతావి మొగ్గలుగా ఉన్నప్పుడు కోయండి. మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరక ముందు మంచి సమయం. పూత అయ్యాక మొక్కను మూడో వంతు కత్తిరించండి. ఆకుల్లేని ముదురు కట్టె దాకా మాత్రం పోవద్దు, అక్కడినుంచి మళ్లీ చిగురు రావడం కష్టం.

కోసిన కాడలను పిడికెడు చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టండి. ఆరేకొద్దీ కాడలు సన్నబడతాయి. దారమైతే వదులైపోతుంది, రబ్బరు పట్టు వదలదు. గాలి ఆడే చీకటి చోట తలకిందులుగా వేలాడదీయండి. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది, వాసనా తగ్గుతుంది. రెండు మూడు వారాల్లో కాడ పుటుక్కున విరిగితే ఆరినట్టే.

ఇక మూట. పూలను మెల్లగా దూసి, పలుచటి నూలు గుడ్డలో పోసి కట్టి బట్టల మధ్య పెట్టండి. లాటిన్‌లో ‘లవారే’ అంటే కడగడం. లావెండర్ పేరు ఆ మాట నుంచే వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. ఉతికిన బట్టలతో దీని చుట్టరికం అంత పాతది.

గుడ్డ కూడా లావెండర్ రంగుదే కావాలంటే కాస్త చూసుకోండి. కంప్యూటర్ తెరలపై లావెండర్ అంటే, ఒక్కో రంగును 0 నుంచి 255 దాకా కొలిచే లెక్కలో, ఎరుపు 230, ఆకుపచ్చ 230, నీలం 250 కలిసిన బాగా పాలిపోయిన రంగు. అసలు పువ్వు దానికన్నా ఎంతో ముదురు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో ఆప్తులను పోగొట్టుకున్న స్త్రీలు కొంతకాలం నలుపు కట్టి, తర్వాత అర్ధశోకానికి, అంటే శోకం పాటించే చివరి దశకు, గుర్తుగా లావెండర్ రంగుకు మారేవారు.

కొన్న లావెండర్ నూనె వాడేవారు నేరుగా చర్మానికి రాయకండి. 30 మిల్లీలీటర్ల కొబ్బరి లేదా బాదం నూనెలో పది చుక్కలు చాలు. తాగకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే సీసా దానికి అందకుండా పెట్టండి, దాని ఒంటికి ఈ నూనె పడదు.

కొన్ని నెలలకు మూట వాసన తగ్గితే పారేయకండి. అరచేతుల మధ్య గట్టిగా నలపండి, మిగిలిన బుడిపెలు చిట్లి వాసన మళ్లీ లేస్తుంది.